అడుగున మిగిలిన మందు

మా అత్త నన్ను మందు పెట్టి చంపబోయిందని మా ఊళ్లో ఇప్పటికీ ఒకరిద్దరు అంటూ ఉంటారు. నవ్వులాటకే అంటారు, కానీ అంటారు. అత్త ఉన్నన్నాళ్లూ ఆ మాట ఆమె చెవిన పడకుండా చూసుకున్నాను. ఆమె పోయింది కాబట్టి ఇక దాచేదేమీ లేదు. జరిగింది జరిగినట్టు రాసి పెడితే నా మనసు కుదుటపడుతుంది. ఇంట్లో జబ్బు మనిషిని పెట్టుకున్నవాళ్లు ఎవరికైనా ఇది పనికొస్తే మరీ మంచిది.

ముందే చెబుతున్నాను, నేను అక్షరాలు నేర్చుకున్నది పిల్లలు పుట్టాక, వాళ్ల పలకల మీద. పెద్ద మాటలు నా దగ్గర ఉండవు. ఆ రోగానికి డాక్టర్లు ఏం పేరు పెట్టారో కూడా నాకు చాలా ఏళ్లదాకా తెలియదు. మేం చలిజ్వరం అనేవాళ్లం.

శ్రావణం

యూనియన్ ఫౌజు వచ్చిన ఏటి వానాకాలం అది. నేను శేరిగూడకు కోడలిగా వచ్చి ఇంకా ఎంతో కాలం కాలేదు. మా అత్త ఎల్లవ్వ ఎత్తయిన మనిషి, మాట గరుకు. మామ చిన్న వయసులోనే పోతే చెరువు కింద ఉన్న కాస్త మడినీ, ఉన్న ఒక్క కొడుకునూ ఆమే సాకింది. ఆమె దగ్గర ప్రతి పనికీ ఒక పద్ధతి ఉండేది. అన్నిటికంటే ముఖ్యం నీళ్ల పద్ధతి.

ఇబ్రహీంపట్నం చెరువులోకి కొత్త నీరు వచ్చిందంటే చుట్టుపక్కల వాగులూ బావులూ ఎర్రబడిపోయేవి. అత్త ఆ నీళ్లు తెచ్చి, కుండ లోపలి వైపు చిల్లగింజ అరగదీసి, మూత పెట్టి, ఆ మూలకు ఎవర్నీ పోనిచ్చేది కాదు. తెల్లారేసరికి బురదంతా అడుగుకు దిగి పైన తేట నిలిచేది. కుండ కదలకుండా ఆ తేటను ముంచడం ఒక విద్య. నేను కొత్తలో చెంబు దబ్బున ముంచి తిట్లు తిన్నాను.

"మీ అవ్వగారింట్ల బర్లకు తాపుతరానే నీళ్లు? జర మెల్లగ ముంచరాదు?" అనేది.

ఊళ్లో ఎవరింటికి పెద్దమనిషి వచ్చినా తాగే నీళ్లకు మా ఇంటికే చెంబు పట్టుకుని వచ్చేవాళ్లు. అదొక గొప్ప ఆమెకు. ఇదంతా ఎందుకు చెబుతున్నానో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

నాట్లు వేస్తుండగా నాకు చలి మొదలైంది. ఎండ నెత్తిన మాడుతోంది, నేను బురదలో నిలబడి పళ్లు కొట్టుకుంటున్నాను. పక్కన నాటు వేస్తున్న ఆడవాళ్లు మొదట నవ్వారు. కాసేపటికి నా చేతిలో నారు జారిపోతుంటే నవ్వు ఆపి, గట్టు మీదికి లాక్కెళ్లి వాళ్ల కొంగులన్నీ నా మీద కప్పారు. చలి తర్వాత మంట, మంట తర్వాత ఒళ్లంతా చెమట. మర్నాడు ఏమీ ఎరగనట్టు లేచి పని చేశాను. ఆ మర్నాడు అదే వేళకు మళ్లీ చలి. అట్లా రోజు విడిచి రోజు, ఎవరో చెప్పి పంపినట్టుగా వచ్చేది.

మా ఆయన బండి కట్టి నన్ను ఇబ్రహీంపట్నం తీసుకెళ్లాడు. బజారులో ఒక చిన్న దవాఖాన ఉండేది. డాక్టరు సాబ్ హైదరాబాదు నుంచి వచ్చి పోయేవాడు. ఆ రోజుల్లో దార్లు సరిగా లేక ఆయన రావడం మానేశాడు. కాబట్టి దవాఖాన అంటే కంపౌండర్ ఖాసీం సాబే. అరుగు నిండా మాలాంటి వాళ్లే. గొంగళ్లు కప్పుకుని వణికేవాళ్లు కొందరు, గొంగళ్లు తన్నేసి మూలిగేవాళ్లు కొందరు. జ్వరం లేనివాళ్లు గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. ఏ ఊరి మీద రజాకార్లు పడ్డారు, ఎవరి గింజలు ఎత్తుకుపోయారు, దొరల మీద తిరగబడ్డ సంగం వాళ్లకు అన్నం పెట్టినందుకు ఎవర్ని పట్టుకుపోయారు, అన్నీ ఆ అరుగు మీదే తెలిసేవి. ఎవరైనా కొత్తమనిషి మెట్టెక్కితే మాటలు ఆగిపోయి దగ్గులు మాత్రం మిగిలేవి.

నాకు అక్కడే చలి వచ్చింది. మా ఆయన ఏం చేయాలో తోచక బండి కాడ ఎడ్లను పట్టుకుని నిలబడ్డాడు. పక్కన కూర్చున్న ఒకామె, పేరూ ఊరూ తెలియదు, తన గొంగళి సగం విప్పి నన్ను లోపలికి లాక్కుంది. "రా బిడ్డా, ఇద్దరం వణుకుదాం. ఒక్కదానివే ఎంతకని వణుకుతవ్?" అంది. ఆ వణుకులోనూ నవ్వొచ్చింది నాకు. ఆమెను మళ్లీ ఎప్పుడూ చూడలేదు.

మందు కోసం సీసా ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. ఖాసీం సాబ్ ఏ సీసానూ ఊరికే నింపేవాడు కాదు. ముందు వాసన చూసేవాడు, తర్వాత వెలుతురుకు ఎత్తి పట్టి, పెళ్లిచూపుల్లో పిల్లను చూసినట్టు ఆ పక్కా ఈ పక్కా తిప్పి చూసేవాడు. దీపంలో పోసే గ్యాసునూనె సీసాలు తెచ్చేవాళ్లు, కల్లు సీసాలు తెచ్చేవాళ్లు. "నీ మొగుడు దీంట్ల తాగింది కల్లు, నేను పోసేది మందు. రెండు కలిస్తె నీకు జ్వరం పోదు, నిషా ఎక్కుతది" అని వెనక్కి పంపేవాడు. నింపాక సీసా పక్కన గీతలు గీసిన కాగితం ముక్క అంటించి ఇచ్చేవాడు. ఒక్కో గీత ఒక పూట.

నాకిచ్చిన మందు నీళ్లలా తేటగా ఉంది. చేదు మాత్రం వేపచెట్టును పిండి పోసినంత. ఆ సీసా అయిపోయేసరికి జ్వరం పోయింది. అత్త ఆ ఖాళీ సీసాను కడిగి గూట్లో పెట్టింది, పూజ సామానుతో పాటు.

భాద్రపదం

భాద్రపదం పడగానే జ్వరం తిరిగి వచ్చింది. ఈసారి నన్ను బండెక్కించే పరిస్థితి లేదు. దారి మీద ఎప్పుడు ఎవరు ఆపుతారో తెలియదు. మా ఆయన ఒక్కడే పొలాల వెంట నడిచి ఇబ్రహీంపట్నం పోయి సీసా నింపించుకు వచ్చాడు.

ఆ వచ్చేటప్పుడు జరిగింది అసలు సంగతి. ఊరి బయట తుపాకులున్నవాళ్లు కొందరు ఆయన్ని ఆపారు. ఎవరి మనుషులో ఆయనకే తెలియలేదు. సీసా లాక్కుని, బిరడా తీసి వాసన చూసి, ఎవరి కోసం, సంగం వాళ్ల కోసమా అని అడిగి, చెంప మీద ఒకటి కొట్టి వదిలేశారు. ఆ చెంప పట్టుకునే ఇంటికొచ్చాడు. సీసా అత్త చేతిలో పెట్టి, "మందమ్మా" అని మాత్రం అన్నాడు. ఖాసీం సాబ్ సీసా ఇస్తూ చెప్పిన మాట ఒకటి ఉంది. అది ఆ దెబ్బకు ఎక్కడ ఎగిరిపోయిందో ఎగిరిపోయింది.

ఈసారి మందు తేటగా లేదు. తెల్లగా, సున్నపు నీళ్లలా ఉంది. మందు పొడిని కరిగించే పులుపు మందొకటి ఉంటుందట. బయటి నుంచి సామాన్లు రావడం బందై అది దొరకడం లేదు. ఉన్న పొడిని ఉట్టి నీళ్లలో కలిపి ఇస్తున్నాడు ఖాసీం సాబ్. ఇది మాకు తర్వాత తెలిసింది. అప్పుడు మా అత్తకు తెలిసింది ఒక్కటే. మొదటి సీసాలో మందు తేటగా ఉంది, కోడలికి నయమైంది. ఇందులో మందు మురికిగా ఉంది.

"పాపం గా సాబ్ ఏం చేస్తడు, ఆడ గూడ కొత్త నీరే వచ్చినట్టున్నది" అంది. అని, ఆమెకు వచ్చిన విద్య చూపించింది. సీసాను మూలన పెట్టి, ఎవర్నీ ఆ దిక్కుకు పోనివ్వలేదు. తెల్లదంతా అడుగుకు దిగాక, పసిపిల్లను ఎత్తుకున్నట్టు సీసాను రెండు చేతులతో ఎత్తి, కాస్తంత వంచి, పైన తేట మాత్రమే గిన్నెలోకి వంపేది. చేయి ఏమాత్రం వణికేది కాదు. అడుగు కదిలితే ఆగి, మళ్లీ దిగేదాకా ఓపిక పట్టేది. నేను మంచంలో పడుకుని చూసేదాన్ని. ఎప్పుడూ గదమాయించే మనిషి నా కోసం అంత మెల్లగా కదులుతుంటే, జ్వరం సంగతి ఎట్లా ఉన్నా, నాకు లోపల ఎక్కడో చల్లగా ఉండేది. ఆ మాట ఆమెకు చెప్పి ఉంటే బాగుండేది. చెబితే ఏదో ఒకటి అనేది అనుకోండి.

తేట తాగినా జ్వరం తగ్గలేదు. చేదు కూడా అంతగా లేదు. అడుగున మిగిలిన తెల్లటి ముద్దను ఆమె పారబోయలేదు. మందు దొరకడమే గగనమైన రోజుల్లో పారబోయడానికి చేతులెట్లా వస్తాయి? సీసా ఖాళీ కాలేదు కాబట్టి మా ఆయన రెండోసారి పోయినప్పుడు ఇంట్లో ఉన్న ఇంకో సీసా పట్టుకుపోయాడు. దవాఖానలో ఆ రోజు మనుషులు ఒకరి మీద ఒకరు పడుతున్నారట. ఖాసీం సాబ్ సీసా చూశాడు, వాసన చూశాడు, నింపి ఇచ్చాడు. ఆ సీసాకూ అదే పద్ధతి జరిగింది. రెండు సీసాల అడుగునా మిగిలిన ముద్దను అత్త ఒక మట్టి గురిగిలోకి ఎత్తి, మీద మోదుగాకు కప్పి దాచింది. ఇంకా కాస్త అంటుకుని ఉందని ఆ సీసాలను కూడా కడగనివ్వలేదు.

నేను సన్నబడిపోయాను. లేచి నిలబడితే ఇల్లు తిరిగేది. మా ఆయన నా వైపు చూడలేక గుమ్మం బయటే కూర్చునేవాడు. తల్లీకొడుకులు చిన్నదానికీ పెద్దదానికీ పోట్లాడుకునేవాళ్లు. పుట్టింటికి కబురు పెడదామని ఆయన, దార్లు బాగా లేవు, ఆ పిల్ల తండ్రి ప్రాణం కూడా తియ్యాలా అని ఆమె. నేను పోతానని ఇద్దరూ అనుకుంటున్నారని నాకు అర్థమైంది. నాకూ భయమేసింది. చావంటే కాదు, ఆ చలిలో ఒక్కదాన్నే పోతానేమోనని.

ఫౌజు వస్తోందన్న రోజు

ఆ రోజు యూనియన్ ఫౌజు సరిహద్దు దాటిందని కబురు. ఎవరికీ ఏదీ సరిగా తెలియదు. ఆకాశంలో విమానం చప్పుడు విని కొందరు ఇళ్లలోకి పరుగెత్తారు, కొందరు ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. ఆ గోలలోనే మా ఆయన ముచ్చటగా మూడో సీసా, పక్కింటి లచ్చవ్వ దగ్గర అడుక్కున్నది, పట్టుకుని ఇబ్రహీంపట్నం పోయాడు. పోయేముందు అత్త ఆయనతో అన్నది నాకు బాగా గుర్తు.

"తేట తాపి తాపి అలసిపోయిన కొడుకా. సత్తువంతా అడుగునే ఉన్నట్టున్నది. ఇయ్యాల సలి పొద్దు. సలి రాకముందే గా ముద్దంత కలిపి ఒక్కపారి తాపిస్త. పోతె ఇయ్యాల్టితోని పోవాలె జ్వరం."

"అట్లనే కానియ్యమ్మా" అన్నాడు ఆయన. నేనూ కాదనలేదు. ఎవరికి మాత్రం తప్పనిపించింది? గంజిలో మెతుకులు అడుగునే కదా ఉంటాయి.

దవాఖానలో ఆ రోజు జనం లేరు. తలుపు ఓరగా వేసుకుని ఖాసీం సాబ్ ఒక్కడే ఉన్నాడు. మా ఆయన సీసా ఇచ్చాడు. ఆయన ఎప్పటిలా వాసన చూసి, వెలుతురుకు ఎత్తి, ఆగిపోయాడట.

"ఇది మీ సీస కాదు గదా. మీ సీసలు రెండేమైనయ్?"

"ఇంట్ల ఉన్నయ్ సాబ్."

"ఖాళీ అయినంక ఇంట్ల ఎందుకుంటయ్? నాతాన్కి రావాలె గదా?"

"అడుగున జర ఉండె. మా అమ్మ తీసి దాసింది."

"దాసిందా? ఏం దాసింది?"

"గదే, తెల్ల ముద్ద. తేట తాపింది, ముద్ద దాసింది. ఇయ్యాల అంత కలిపి తాపిస్తనన్నది."

ఖాసీం సాబ్ ఇంకేమీ అడగలేదు. తలుపుకు తాళం వేశాడో లేదో కూడా మా ఆయనకు గుర్తులేదు. గోడకు ఆనించిన సైకిలు తీసి, "ఎక్కు, ఎన్క కూసో, మాట్లాడకు" అన్నాడట. ఫౌజు ఎటు నుంచి వస్తుందో, రజాకార్లు ఎటు పోతున్నారో తెలియని రోజున, టోపీ పెట్టుకున్న ఆ మనిషి, వెనకాల మా ఆయన్ని కూర్చోబెట్టుకుని, బురద బాట మీద శేరిగూడకు సైకిలు తొక్కాడు.

ఇక్కడ ఇంట్లో అత్త గురిగి తీసి, ముద్దను నీళ్లలో కలిపి నా మంచం దగ్గరికి తెచ్చింది. గిన్నె పెదవికి తగిలిందో లేదో చేదు తెలిసింది. అంతకుముందటి చేదు దీని ముందు బెల్లం. నేను మొహం తిప్పుకున్నాను.

"తాగే. కండ్లు మూసుకొని ఒక్క గుక్కల మింగు."

"నాతోని కాదత్తా."

"కాదంటె ఎట్లనే? నిన్ను గిట్ల సూసుకుంట ఎన్నొద్దులు కూసోవాలె నేను? తాగు, నీ కాల్మొక్కుత."

అత్త అట్లా అంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. తాగుదామనే అనుకున్నాను. నోరు తెరిచాను కూడా. కానీ వాంతి పొర్లుకొచ్చింది. నా అవస్థ చూసి ఆమెకే జాలేసింది. "ఉండు, లచ్చవ్వ ఇంట్ల బెల్లముంటది, ఇంత తెచ్చి కలుపుత" అని గిన్నె కింద పెట్టి పోయింది. ఆమె జాలి పడకుండా ముక్కు మూసి పోసేసి ఉంటే ఇది రాయడానికి నేను ఉండేదాన్ని కాదు. బెల్లం తెచ్చి, చిదిమి, కలిపి, మళ్లీ నా తల కింద చెయ్యి పెట్టి లేపుతుండగా వాకిట్లో సైకిలు కిందపడిన చప్పుడైంది.

"ఠైరో అమ్మా! ఆగు! తాపకు!"

ఖాసీం సాబ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మోకాళ్ల దాకా బురద. ఊపిరి అందడం లేదు. గిన్నె లాక్కుంటాడేమో అనుకున్నాను. లాక్కోలేదు. చెయ్యి చాపి, "గది జర నాకియ్యమ్మా" అన్నాడు. అత్త ఇచ్చింది. ఆయన దాన్ని వాసన చూసి, మా గోడకు ఆనుకుని అట్లాగే కూలబడ్డాడు.

"బిడ్డ తాగిందా?" అన్నాడు.

"ఇంక లేదు సాబ్. శేదంటున్నది."

"అల్లా" అని కళ్లు మూసుకున్నాడు. అప్పుడు నిదానంగా, ఆడపిల్లకు అన్నం వండడం నేర్పినట్టు చెప్పాడు. ఈ మందు నీళ్ల లాంటిది కాదు, నీళ్లలో పనికిరానిది అడుగుకు పోతుంది, ఇందులో మందే అడుగుకు పోతుంది. ఊపి తాగితే ఏ పూటది ఆ పూటకు సమానంగా వస్తుంది. ఊపకుండా తేట తాగితే రోగం పోదు. ఆ అడుగంతా ఒక్కసారి తాగితే మనిషే పోతుంది. "నీళ్లకు నువ్వు చేసేది రైటే అమ్మా. దీనికి ఉల్టా."

అత్త వింటూ నిలబడింది. ఆమె మొహంలో నెత్తురు దిగిపోవడం నేను చూశాను. బెల్లం అంటిన తన చేతిని చూసుకుంది. "నా కోడల్ని నేనే సంపుతుంటి గద సాబ్" అంది. అని కూర్చోలేదు, ఏడవలేదు, ఆ చేతిని చీరకు తుడుచుకుంటూనే ఉండిపోయింది.

మా ఆయన తల గోడకు కొట్టుకున్నాడు. ఊపి తాగించమని సాబ్ చెప్పాడు, నేనే మర్చిపోయాను అంటూ. ఖాసీం సాబ్ ఆయన భుజం పట్టి ఆపాడు.

"నువ్వు అవ్ అవ్ అన్నవ్, నేను చాలనుకున్న. నీతోని మల్లొక్కపారి చెప్పించుకోకపోతి. రెండో సీస తెచ్చిన్నాడే, మొదటిదేదిరా అని అడగకపోతి. తప్పు ముగ్గురం పంచుకుందాం. ఎవ్వరికీ ఎక్కువ రాదు."

ఆ తర్వాత ఆయన అత్తతో ప్రతి మాటా తిరిగి చెప్పించాడు. ఉట్టి నోటితో చెబితే ఒప్పుకోలేదు, ఖాళీ సీసాలో నీళ్లు పోసి చేసి చూపించమన్నాడు. అప్పటి నుంచి ఆ దవాఖానలో ఎవరికి మందిచ్చినా అదే పని చేసేవాడట. జనం విసుక్కునేవాళ్లు. ఇప్పుడు ఏ మందుల దుకాణంలోనైనా మనిషి ఇంకోసారి చెప్పబోతే, తెలుసులే అని సీసా లాక్కుని పోయేవాళ్లను చూస్తే నాకు గుండె గుభేలుమంటుంది. విసుక్కోకండి. ఆ ఒక్క నిమిషం నిలబడండి.

ఫౌజు వచ్చాక

మర్నాడు ఖాసీం సాబ్ నింపి ఇచ్చిన మందు మా ఆయన ఊపి తాగించడం మొదలుపెట్టాడు. ఆ మందుకు చెవుల్లో తుమ్మెదలు పట్టినట్టు రొద పెట్టేది. కానీ చలి మెత్తబడింది. వచ్చినా మునుపటి బలం లేదు దానికి.

అత్త మాత్రం ఇంట్లోనే ఉండి ఇంట్లో లేనట్టుండేది. మందు సీసా ఉన్న మూలకు పోయేది కాదు. నాకు అన్నం కలిపి కంచం దూరంగా పెట్టి జరిగిపోయేది. నా ఒంటి మీద చెయ్యి వేసేది కాదు. నేను కావాలనే కుండలో చెంబు దబ్బున ముంచాను ఒకరోజు, తిడుతుందేమోనని. తిట్టలేదు. ఆ రోజు నేను ఏడ్చాను. జ్వరం ఉన్నన్నాళ్లూ రాని ఏడుపు.

ఈలోగా రాజ్యం మారిపోయింది. పోలీసు చర్య అన్నారు, స్వతంత్రం అన్నారు. రాత్రిళ్లు భయానికి చేన్లలో దాక్కునే మగవాళ్లు ఇళ్లకు వచ్చి పడుకున్నారు. కానీ అదివరకు మా ఇళ్లలో కాపురమున్న భయం మూట కట్టుకుని తురకల ఇళ్లలోకి మారింది. ఎక్కడెక్కడో ఏవేవో జరిగాయని వినేవాళ్లం. నేను కళ్లతో చూసింది లేదు, విన్నది మాత్రం మంచిది కాదు. దవాఖాన మూతపడింది. ఖాసీం సాబ్ ఇంటి తలుపు తెరవడం లేదన్నారు. నా మందు అయిపోవచ్చింది. మధ్యలో ఆపితే మళ్లీ మొదటికే వస్తుందని ఆయనే చెప్పి ఉన్నాడు. మా ఆయన కూడా ఆ రోజు ఊళ్లో లేడు, తప్పిపోయిన ఎడ్లను వెతకడానికి పోయాడు.

అత్త పొద్దున్నే సీసా కడిగి కొంగున కట్టుకుని బయలుదేరింది. ఎక్కడికంటే చెప్పలేదు. అక్కడ జరిగింది ఆమె తర్వాత చెప్పింది, ఖాసీం సాబ్ కూడా చెప్పాడు. ఇద్దరి మాటా ఒకటే. తాను ఏడవలేదని మాత్రం ఆమె అనేది, ఏడ్చిందని ఆయన అనేవాడు.

తలుపు కొట్టిందట. పలకలేదు. శేరిగూడ ఎల్లవ్వనంది. పలకలేదు. లోపల మనుషులు ఊపిరి బిగబట్టుకుని ఉన్నారని ఆమెకు తెలుసు. అన్నాళ్లూ మేమూ అట్లాగే బిగబట్టుకున్నవాళ్లమే కదా. ఇంకేం చెబితే నమ్ముతారో తెలియక, గడప మీద కూర్చుని తలుపుతో చెప్పిందట.

"బిరడ గట్టిగ పెట్టాలె. సీసను పైకి కిందికి ఊపాలె. అడుగున తెల్లగ అంటుకున్నది మొత్తం ఇడిసిందాక ఊపాలె. గీత కాడికి వంపాలె. వంపంగనె తాపాలె, నిలవ పెట్టొద్దు. మిగిలితె దాసొద్దు. సీస మీతాన్కే తేవాలె. తెచ్చిన సాబ్."

తలుపు తెరుచుకుంది. గడ్డం పెరిగి, కళ్లు లోపలికి పోయి ఉన్నాడట. ఆమెను లోపలికి రమ్మని, ఇంట్లో దాచిన పొడిలోంచే కలిపి సీసా నింపాడు. నింపి, ఇవ్వకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"బిడ్డకు ఎవరు తాపుతున్నరు?"

"నా కొడుకు."

"నువ్వెందుకు తాపవ్?"

"నా చేతికి పాపం అంటింది సాబ్. ఇగ ముట్ట."

"అయితె ఈ మందు నేనియ్య. నువ్వు తాపుతనంటెనే ఇస్త." అని, ఆమె అయోమయంగా చూస్తుంటే మెల్లగా అన్నాడట, "నా చెయ్యి గూడ బయపడ్డదే అమ్మా. గా దినం నుంచి సీస పడితె వణుకుతున్నది. మందియ్యనీకె బయపడ్డ చెయ్యే మంచిది. బయం లేని చేతికి నేనెట్ల ఇయ్యాలె?"

ఆమె తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం. చలి వచ్చే రోజే అది, వేళ కూడా దగ్గర పడుతోంది. కాళ్లు కడుక్కుని నా మంచం పక్కన కింద కూర్చుంది. సీసా తీసి బిరడా నొక్కి ఊపింది. వెలుతురుకు పట్టి అడుగు చూసింది. మళ్లీ ఊపింది. కుండ నీళ్లు కదిలితే గోల చేసే మనిషి, లోపల మందు గలగలలాడేలా ఊపుతూనే ఉంది. గీత దాకా వంపింది. చేయి వణుకుతోంది. గిన్నె నా నోటి దాకా తెచ్చి ఆపేసింది.

"తాగుతవా బిడ్డా?"

ఎన్నడూ ఏదీ నన్ను అడిగి చేసిన మనిషి కాదు.

"నువ్వు తాపితె తాగుత" అన్నాను.

తాగాను. మొహం చిట్లించకుండా ఉండాలని చూశాను కానీ చిట్లింది. ఆమె కొంగుతో నా మూతి తుడిచి, మంచం పట్టె మీద తల ఆనించి, నా చెయ్యి పట్టుకుంది. నాడి చూస్తున్నట్టు పట్టుకుంది, నాడి చూడడం ఆమెకు రాదు. అట్లా నా మొహమే చూస్తూ చూస్తూ నిద్రపోయింది. ఆ సైకిలు వచ్చిన రోజు నుంచి ఆమె సరిగా నిద్రపోలేదని నాకు తెలుసు.

నేను కదలకుండా పడుకున్నాను. గుమ్మంలో ఎండ మెల్లగా జరిగింది. చలి వచ్చే వేళ అయింది. ఒళ్లు బిగబట్టుకుని ఎదురుచూశాను. రాలేదు. ఎండ గోడెక్కింది. అప్పుడూ రాలేదు. ఆ మాట ముందు ఆమెకే చెప్పాలని నోటి దాకా వచ్చింది. కానీ పడుకోనీ పాపం అని, లేపలేదు.